పాత యాంటీవైరస్ పూర్తిగా పోతేనే కొత్తది కుదురుకుంటుంది

యాంటీవైరస్ మార్చాలనుకునేవాళ్ల ఆలోచనంతా కొత్తగా ఏది కొనాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. రేటింగులు చూస్తారు, ఆఫర్లు పోల్చుకుంటారు, డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ నొక్కేస్తారు. ఆ తర్వాత ఇంటర్నెట్ ఆగిపోయినా, కంప్యూటర్ నత్తనడక నడిచినా, బ్లూ స్క్రీన్ వచ్చినా నింద కొత్త సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. చాలాసార్లు అసలు కారణం పాతదాన్ని తీసిన తీరులో ఉంటుంది. పాటలు వినే ప్రోగ్రామ్‌ను తీసేసినంత తేలికగా యాంటీవైరస్‌ను తీయలేం. అది ఆపరేటింగ్ సిస్టమ్ లోపల చాలా చోట్ల పాతుకుని ఉంటుంది, పైగా ఎవరూ తనను తీసేయకుండా కాపాడుకోవడమే దాని పనుల్లో ఒకటి.

లోపల ఎక్కడెక్కడ ఉంటుంది?

విండోస్‌లో ఏ ఫైల్ తెరిచినా ఆ పని నేరుగా డిస్కు దాకా వెళ్లదు. మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ స్థాయిలో ఫిల్టర్ డ్రైవర్లు అనే చిన్న ప్రోగ్రాములు వరుసగా ఉంటాయి. ఒక్కో ఫిల్టరూ చూసి వదిలాకే ఫైల్ తెరుచుకుంటుంది. ఈ వరుసలో ఎవరి చోటు ఎక్కడో చెప్పే అంకెను ఆల్టిట్యూడ్ అంటారు, దాన్ని కేటాయించేది మైక్రోసాఫ్ట్. యాంటీవైరస్‌లకు ఇచ్చిన శ్రేణి 320000 దగ్గర మొదలవుతుంది. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఫిల్టర్ అంకె 328010.

దీన్ని కళ్లారా చూడొచ్చు. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ను వెతికి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోవాలి. అక్కడ ఎఫ్, ఎల్, టి, ఎం, సి అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాలను ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కితే చిన్న పట్టిక వస్తుంది. ఎడమ పక్క ఫిల్టర్ పేర్లు, కుడి పక్కన ఆల్టిట్యూడ్ అంకెలు ఉంటాయి. యాంటీవైరస్ తీసేసి రీస్టార్ట్ చేశాక, 32తో మొదలయ్యే ఆరంకెల వరుసలో డిఫెండర్‌ది తప్ప ఇంకో పేరు కనిపిస్తే పాతది పూర్తిగా పోలేదని అర్థం. ఏ మెనూలోనూ దాని పేరు లేకపోయినా ప్రతి ఫైల్‌నూ అది ఇంకా ఆపి చూస్తూనే ఉంటుంది.

ఫైళ్ల ఫిల్టర్ ఒక్కటే కాదు. నెట్‌వర్క్ మీదుగా వచ్చే సమాచారాన్ని పట్టి చూసేందుకు ఇంకో డ్రైవర్ ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ పేజీల లోపల కూడా చూడాలంటే ఆ ఎన్‌క్రిప్షన్‌ను మధ్యలో విప్పాలి కాబట్టి, చాలా యాంటీవైరస్‌లు తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ను (సైట్లను నమ్మవచ్చని చెప్పే డిజిటల్ పత్రాన్ని) విండోస్‌లో చేరుస్తాయి. బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ పెడతాయి. విండోస్ 8 నుంచి బూట్ అవుతున్నప్పుడు మిగతా డ్రైవర్ల కంటే ముందే లేచే ఎర్లీ లాంచ్ డ్రైవర్ కూడా వీటికి ఉండొచ్చు. 8.1 నుంచి వీటి సర్వీసును ప్రొటెక్టెడ్ ప్రాసెస్‌గా నడిపే వీలు వచ్చింది. అలా నడిచే సర్వీసును అడ్మినిస్ట్రేటర్ హోదాలో ఉన్నా టాస్క్ మేనేజర్ నుంచి ఆపలేరు.

ఇంత లోతున ఉన్నదానిలో చిన్న తేడా వచ్చినా ఫలితం పెద్దగానే ఉంటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. అది సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్. ఇంటి కంప్యూటర్లకు మరింత దగ్గరి ఉదాహరణ 2018 జనవరిలో దొరుకుతుంది. ప్రాసెసర్లలో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకు మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసినప్పుడు, కొన్ని యాంటీవైరస్‌లు కెర్నెల్ మెమరీని అనుమతి లేని పద్ధతిలో వాడుతున్నాయని, ప్యాచ్ పడితే ఆ యంత్రాలు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోతాయని తేలింది. అందుకే తాను సిద్ధంగా ఉన్నానని యాంటీవైరస్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోట) ఒక గుర్తు పెడితేనే ఆ ప్యాచ్ అందేలా చేశారు. గుర్తు పెట్టని పాత యాంటీవైరస్ ఉన్న కంప్యూటర్లకు అప్పట్లో విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్లే ఆగిపోయాయి. గడువు తీరిన యాంటీవైరస్‌ను ఉంటే ఉండనీ అని వదిలేయడం ఎందుకు మంచిది కాదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే సంఘటన లేదు.

రెండూ కలిపి ఎందుకు నడపకూడదు?

రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ అనే నమ్మకం ఇంకా పోలేదు. నిజానికి జరిగేది వేరు. ఒకటి స్కాన్ చేయడానికి ఫైల్ తెరిస్తే, ఆ తెరవడాన్ని రెండోది ఆపి చూస్తుంది. ఒకదాని వైరస్ గుర్తుల డేటాబేస్ రెండోదానికి వైరస్‌లాగే కనిపించవచ్చు. ఒకటి క్వారంటైన్‌లో (అనుమానమున్న ఫైళ్లను బంధించే చోట) పెట్టబోయిన ఫైల్‌ను రెండోది పట్టుకుని ఉంటే రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగి, మొత్తం యంత్రమే బిగుసుకుపోవచ్చు.

ఈ చిక్కు రాకూడదనే విండోస్‌లో సెక్యూరిటీ సెంటర్ అనే నమోదు వ్యవస్థ ఉంది. బయటి యాంటీవైరస్ అక్కడ నమోదు చేసుకోగానే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. నమోదు రద్దయితే తిరిగి పనిలోకి వస్తుంది. అంటే ఇంటి కంప్యూటర్‌లో డిఫెండర్‌ను చేత్తో ఆపాల్సిన పని లేదు. పాతదాన్ని తీశాక కొత్తది ఎక్కించేలోపు రక్షణ ఉండదేమోనన్న భయమూ అక్కర్లేదు, ఆ ఖాళీని డిఫెండర్ పూడుస్తుంది. ఆ భయంతోనే చాలామంది పాతది ఉండగానే కొత్తది ఎక్కిస్తారు, ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

అడిగినప్పుడు మాత్రమే స్కాన్ చేసే సాధనాల సంగతి వేరు. అవి ప్రతి ఫైల్‌కూ అడ్డు నిలబడవు కాబట్టి ఒక యాంటీవైరస్ పక్కన ఉన్నా ఇబ్బంది ఉండదు. బయటి యాంటీవైరస్ నడుస్తుండగా డిఫెండర్‌తో అప్పుడప్పుడు స్కాన్ చేయించే పీరియాడిక్ స్కానింగ్ సదుపాయం విండోస్ 10కు 2016లోనే వచ్చింది.

మార్చడం అవసరమేనా?

లైసెన్స్ గడువు తీరిందన్న ఒక్క కారణంతో ఇంకోటి కొనేవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించాలి. విండోస్ విస్టా రోజుల్లో డిఫెండర్ స్పైవేర్‌ను మాత్రమే చూసేది. 2012లో విండోస్ 8తో పూర్తి స్థాయి యాంటీవైరస్ అయింది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణ, వేగం, వాడుక అనే మూడు విభాగాలకు ఆరేసి చొప్పున మొత్తం 18 పాయింట్లకు లెక్కగడుతుంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ కూడా ఇలాంటి పరీక్షలే చేస్తుంది. వీటిలో పేరున్న ఉత్పత్తుల మధ్య తేడా చాలా తక్కువగా ఉంటుంది. ఒక విడత ఫలితం చూసి నిర్ణయించడం కంటే గత నాలుగైదు విడతల్లో నిలకడగా ఉన్నది ఏదో చూడటం నయం. విండోస్‌ను, బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకునే ఇంటికి డిఫెండర్ సరిపోతుంది. పిల్లల కోసం కట్టుదిట్టమైన కంట్రోల్స్ కావాలన్నా, ఫోన్లకూ కంప్యూటర్లకూ కలిపి ఒకే లైసెన్స్ కావాలన్నా, ఇప్పుడున్నది తరచూ మంచి ఫైళ్లను వైరస్ అంటున్నా మార్చడానికి తగిన కారణం ఉన్నట్టే.

వదులుకునేది కూడా తెలిసుండాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ నుంచి ఫోల్డర్లను కాపాడే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ డిఫెండర్‌లో భాగం. బయటి యాంటీవైరస్ రాగానే అది పని చేయదు. కొత్తదానిలో అలాంటిది ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఒక్కోసారి ఈ మార్పు వాడేవాళ్ల చేతిలో కూడా ఉండదు. అమెరికా ప్రభుత్వం క్యాస్పర్‌స్కీని నిషేధించాక, 2024 సెప్టెంబర్‌లో అక్కడి వినియోగదారుల కంప్యూటర్లలో దాని స్థానంలోకి అల్ట్రాఏవీ వచ్చి చేరింది. తమను అడగకుండానే ఇది జరిగిందని చాలామంది ఫిర్యాదు చేశారు. కంప్యూటర్‌ను కాపాడుతున్నది ఏమిటో అప్పుడప్పుడు చూసుకోవడం అందుకే మంచిది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, కింద ఎడమ మూల సెట్టింగ్స్ గుర్తు నొక్కి, మేనేజ్ ప్రొవైడర్స్‌లోకి వెళ్తే యాంటీవైరస్, ఫైర్‌వాల్‌గా నమోదైన పేర్లు కనిపిస్తాయి. ఈ పేజీ గుర్తుంచుకోండి, తర్వాత కూడా పనికొస్తుంది.

తీయకముందు చేయాల్సినవి

సగం నష్టాలు ఇక్కడే జరుగుతాయి. యాంటీవైరస్ పేరుతో అమ్మేవాటిలో ఇప్పుడు పాస్‌వర్డ్ మేనేజర్, ఫైల్ వాల్ట్, వీపీఎన్, బ్యాకప్ అన్నీ కలిసి ఉంటున్నాయి. అన్నిటికంటే ప్రమాదం వాల్ట్‌తో. అందులో పెట్టిన ఫైళ్లు ఆ కంపెనీ సొంత పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా తెరుచుకోవు. ముందు వాటన్నిటినీ మామూలు ఫోల్డర్‌లోకి తెచ్చుకుని, తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కానీ ఆ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. దాన్ని క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టకూడదు. కొత్త మేనేజర్‌లోకి ఇంపోర్ట్ అవ్వగానే షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసేయాలి.

క్వారంటైన్‌నూ ఒకసారి తెరిచి చూడాలి. అందులో పొరపాటున పట్టుబడ్డ మంచి ఫైల్ ఉంటే ఇప్పుడే రీస్టోర్ చేసుకోవాలి, అన్‌ఇన్‌స్టాల్ అయ్యాక దాన్ని బయటికి తెచ్చే దారి ఉండకపోవచ్చు. స్కాన్ నుంచి మినహాయించిన ఫోల్డర్ల జాబితాను రాసిపెట్టుకోవాలి. సెట్టింగ్స్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అన్‌ఇన్‌స్టాలర్ అదే అడుగుతుంది కాబట్టి దాన్ని గుర్తు తెచ్చుకోవాలి.

డబ్బు విషయం వేరుగా చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. కంపెనీ వెబ్‌సైట్‌లోని ఖాతాలోకి వెళ్లి ఆటో రెన్యూవల్ ఆపాలి, ఆగినట్టు ఈమెయిల్ వచ్చిందో లేదో చూడాలి. మిగిలిన గడువును ఇంకో కంప్యూటర్‌కు వాడాలనుకుంటే అదే ఖాతాలో ఈ పరికరం పేరు తొలగించాలి.

చివరిగా మూడింటిని దగ్గర పెట్టుకోవాలి. ఒకటి, కొత్త యాంటీవైరస్ పూర్తి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్. కొద్ది ఎంబీల చిన్న ఇన్‌స్టాలర్ మిగతాదంతా నెట్ నుంచి తెచ్చుకుంటుంది, నెట్ పోతే అది పనికిరాదు. రెండోది, పాత కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్. మూడోది, విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ రికవరీ కీ. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ అయి ఉంటుంది. తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లేటప్పుడు ఆ 48 అంకెల కీ అడగవచ్చు. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో సేవ్ అయి ఉంటుంది, ముందే చూసి కాగితం మీద రాసుకోవాలి. ఆగి ఉన్న విండోస్ అప్‌డేట్లుంటే వాటినీ పూర్తి చేసి ఒకసారి రీస్టార్ట్ చేయాలి. సగంలో ఉన్న అప్‌డేట్ మీద అన్‌ఇన్‌స్టాల్ మొదలైతే రెండూ చెడతాయి.

తీసే క్రమం

సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ దారిలో వెళ్తే ఆ కంపెనీ పేరుతో ఒకటి కంటే ఎక్కువ కనిపించవచ్చు. బ్రౌజర్, వీపీఎన్, డ్రైవర్ అప్‌డేటర్, క్లీనర్ లాంటివి వేర్వేరుగా ఉంటాయి. వాటిని ముందు తీసి, అసలు యాంటీవైరస్‌ను ఆఖరున తీయాలి. అన్‌ఇన్‌స్టాలర్ లైసెన్స్, సెట్టింగ్స్, క్వారంటైన్ ఉంచమంటారా అని అడుగుతుంది. మళ్లీ అదే ఎక్కించే ఉద్దేశం లేకపోతే అన్నిటి టిక్కులూ తీసేయాలి.

తర్వాత తప్పనిసరిగా రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నెల్‌ను డిస్కులో దాచిపెట్టి, ఆన్ చేయగానే అదే తిరిగి తెస్తుంది. మెమరీలో ఉన్న పాత డ్రైవర్ అలాగే తిరిగొస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రమే కెర్నెల్ మొదటి నుంచి లేస్తుంది. తీసేసినా పోలేదన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ ఒక్క తేడాతో తీరిపోతాయి.

ఆ తర్వాత రిమూవల్ టూల్ నడపాలి. మెకాఫీకి ఎంసీపీఆర్, నార్టన్‌కు రిమూవ్ అండ్ రీఇన్‌స్టాల్ టూల్, అవాస్ట్‌కు అవాస్ట్ క్లియర్, క్యాస్పర్‌స్కీకి కేఏవీరిమూవర్ ఉన్నాయి. ఈసెట్, బిట్‌డిఫెండర్ కూడా తమ టూల్స్ ఇస్తాయి. వీటిని కంపెనీ సొంత సైట్ నుంచే తీసుకోవాలి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనలను నమ్మి దించుకోవడం మహా ప్రమాదం, ఎందుకంటే సరిగ్గా రక్షణ మారుతున్న సమయంలో అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇచ్చి నడిపే ఫైల్ అది. అవాస్ట్, ఈసెట్ టూల్స్ సేఫ్ మోడ్‌లో నడపాల్సినవి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. కొన్ని కంప్యూటర్లలో అక్కడ పిన్ పని చేయదు, ఖాతా పాస్‌వర్డ్ గుర్తుండాలి.

చేయకూడని పని ఒకటుంది. మిగిలిన డ్రైవర్ ఫైళ్లను వెతికి చేత్తో డిలీట్ చేయకూడదు. కొన్ని యాంటీవైరస్‌లు పాస్‌వర్డ్ దొంగల నుంచి కాపాడటానికి కీబోర్డుకు కూడా ఫిల్టర్ పెడతాయి. రిజిస్ట్రీలో ఆ ఫిల్టర్ పేరు ఉండి ఫైల్ లేకపోతే, విండోస్ కీబోర్డునే లోడ్ చేయదు. తర్వాతి రీస్టార్ట్‌లో లాగిన్ తెర ముందు పాస్‌వర్డ్ టైప్ చేసే వీలుండదు. రిజిస్ట్రీ క్లీనర్లతోనూ ఇదే ముప్పు.

మధ్యలో ఒక తనిఖీ

కొత్తది ఎక్కించే ముందు మేనేజ్ ప్రొవైడర్స్ పేజీలో డిఫెండర్ ఒక్కటే ఆన్‌లో ఉండాలి. దాని డెఫినిషన్లు, అంటే వైరస్ గుర్తుల డేటాబేస్, అప్‌డేట్ చేసి ఒక క్విక్ స్కాన్ నడిపితే సరి. పాత పేరు ఇంకా కనిపిస్తూ, డిఫెండర్ ఆఫ్‌లోనే ఉంటే నమోదు రద్దు కాలేదన్నమాట. లేని యాంటీవైరస్ ఉందనుకుని డిఫెండర్ ఆగిపోయింది కాబట్టి కంప్యూటర్‌కు ఇప్పుడు కాపలా లేదు. ఎక్కువసార్లు పనిచేసే ఉపాయం ఏమిటంటే, పాతదాన్నే మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, ఈసారి సక్రమంగా తీసి టూల్ నడపడం. వెనక్కి వెళ్లినట్టు అనిపించినా మిగతా దారులకంటే ఇదే త్వరగా తేలుతుంది.

నెట్ ఆగిపోతే నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి జాబితాలో పాత కంపెనీ ఫిల్టర్ పేరు ఉందేమో చూడాలి. ఉంటే దాని టిక్ తీసి, కింద అన్‌ఇన్‌స్టాల్ నొక్కాలి. ప్రాక్సీ సెట్టింగ్, డీఎన్ఎస్ చిరునామా పాతదే మిగిలిందేమో కూడా చూడాలి. ఇవేవీ పని చేయకపోతే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. దాంతో సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లు, వీపీఎన్ సెట్టింగులు పోతాయి. పాత రూట్ సర్టిఫికెట్‌ను కంప్యూటర్ సర్టిఫికెట్ల జాబితాలో ట్రస్టెడ్ రూట్ విభాగంలో వెతికి తీసేయాలి. కంపెనీ పేరు స్పష్టంగా ఉన్నదాన్ని మాత్రమే ముట్టుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌కు సొంత సర్టిఫికెట్ జాబితా ఉంటుంది కాబట్టి అక్కడ విడిగా చూడాలి.

కొత్తది ఎక్కించాక

ఇన్‌స్టాల్ అప్పుడు కస్టమ్ ఎంపిక ఉంటే దాన్నే తీసుకుని, అవసరం లేని బ్రౌజర్, క్లీనర్ లాంటివి ముందే వదిలేయాలి. ఇన్‌స్టాలర్ పాత ఉత్పత్తి ఉందని చెప్పి ఆగిపోతే, బలవంతంగా దాటించకుండా మళ్లీ రిమూవల్ టూల్ దగ్గరికే వెళ్లాలి.

మొదటి ఫుల్ స్కాన్ హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటర్‌లో గంటల తరబడి సాగుతుంది, ఆ సమయంలో డిస్క్ వాడకం 100 శాతం చూపించినా కంగారు పడక్కర్లేదు. ఒకసారి చూసిన ఫైళ్లను గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి తర్వాతి స్కాన్లు తేలికవుతాయి. మొదటి రోజు వేగం చూసి కొత్తది బరువుగా ఉందని తీర్పు ఇవ్వడం తొందరపాటే.

నిజంగా పని చేస్తోందా అని చూడటానికి ఐకార్ పరీక్ష ఫైల్ ఉంది. అది 68 అక్షరాల మామూలు టెక్స్ట్, దానివల్ల ఏ హానీ లేదు, అయినా యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గా పట్టుకునేలా ఒప్పందం ఉంది. ఐకార్ సైట్ నుంచి దించుకోబోతే కొత్త యాంటీవైరస్ వెంటనే అడ్డుకోవాలి. అడ్డుకోకపోతే రియల్ టైమ్ రక్షణ ఆన్ కాలేదు. ఆ తర్వాత రాసిపెట్టుకున్న మినహాయింపుల్లో నిజంగా కావలసినవి మాత్రమే తిరిగి చేర్చాలి. పాత జాబితాలో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన డౌన్‌లోడ్స్ ఫోల్డర్ లాంటివి ఉంటే, దాన్ని వదిలించుకోవడానికి ఇదే సమయం.

విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ కింద కోర్ ఐసొలేషన్ తెరిచి, మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేసి చూడటం కూడా మంచి పరీక్షే. పొసగని డ్రైవర్లుంటే అది ఆన్ కాకుండా వాటి జాబితా చూపిస్తుంది. పాత యాంటీవైరస్ డ్రైవర్ ఒకటి అందులో దొరకడం అరుదేమీ కాదు. ఓ రెండు వారాల పాటు, క్రాష్‌లను నమోదు చేసే విండోస్ రిలయబిలిటీ మానిటర్ గ్రాఫ్‌లో ఎర్ర గుర్తులు కొత్తగా వస్తున్నాయేమో గమనించాలి. ఈ రెండు వారాల్లో సిస్టమ్ రీస్టోర్‌తో పాత తేదీకి వెళ్లడం మానుకోవాలి. తీసేసిన యాంటీవైరస్ డ్రైవర్లు సగం తిరిగొచ్చి, కొత్తదానితో తలపడతాయి.

ఏం చేసినా పాతది వదలకపోతే సెట్టింగ్స్‌లో రికవరీ కింద రీసెట్ దిస్ పీసీ ఒక్కటే మిగులుతుంది. అందులో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే సొంత ఫైళ్లు ఉంటాయి, ఎక్కించుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. అయినా ముందు బయటి డిస్కులోకి బ్యాకప్ తీసి, ఆ డిస్కును విడదీశాకే మొదలుపెట్టాలి. పోయిన ప్రోగ్రాముల జాబితాను విండోస్ ఒక ఫైల్‌గా డెస్క్‌టాప్ మీద ఉంచుతుంది, దాన్ని చూసి కావలసినవి మళ్లీ ఎక్కించుకోవచ్చు.